లక్కమ్మ త్రిప్పి పంపిన బియ్యము

ఓం శ్రీ గురుబసవలింగాయ నమః



నేడు మన పట్టణములలోను పల్లెలలోను మహిళా సంఘము లేని పేట అరుదు. కొన్ని సంఘములు మఠముల నీడలో అక్కమహాదేవి పేర వెలసినవి. కొన్ని పొదుపు సంఘములుగా మొదలై సేవకు పూనుకొన్నవి. మరికొన్ని దేశాంతరమున పుట్టి మన పట్టణములకు వచ్చినవి. 1924వ సంవత్సరమున ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున మార్గరెట్ గోల్డింగ్ అను మహిళ ప్రారంభించిన ఇన్నర్ వీల్ క్లబ్బు అట్టిది. పేరేదైనను, ఊరేదైనను, ఈ సంఘములు చేయు పనులు ఒక్క తీరుననే యుండును. వేసవిలో చలివేంద్రము, బడులు తెరచునాటికి పేదపిల్లలకు పుస్తకములు, కంటి వైద్య శిబిరము, రక్తదానము, నిరుపేద స్త్రీకి కుట్టుమిషను, పండుగనాడు అన్నదానము.

ఈ పనులన్నిటికిని ధనము కావలెను. దాని కొరకు మన తల్లులు పడు శ్రమ కొంచెమైనది కాదు. సంక్రాంతికి అరిసెలు, సకినాలు చేసి అమ్మెదరు. వేసవిలో అప్పడములు, వడియములు, పచ్చళ్ళు పెట్టెదరు. పాతచీరలతో బొంతలు కుట్టెదరు. నాటక ప్రదర్శనలకు టిక్కెట్లు అమ్మెదరు. జ్ఞాపక సంచికలకు ప్రకటనలు సేకరించెదరు. కొన్నిచోట్ల తంబోలా ఆట నడిపి అందువలన వచ్చిన సొమ్మును సేవకు వినియోగించెదరు. ఇట్లు వచ్చిన ధనమునకు ధర్మమేమి? అది ఎట్లు రావలెను, ఎంత రావలెను, ఎట్లు నిలువవలెను, ఏ రీతిగా పేదవాని చేతికి చేరవలెను? నేటి మన ప్రసంగమునకు ఇదియే విషయము.

దాసోహ భావము

బసవేశ్వరుడు లోకమునకు చూపిన మార్గమున రెండు స్తంభములు గలవు. ఒకటి కాయకము, రెండవది దాసోహము. కాయము అనగా దేహము. దేహమును వంచి, నిజాయితీగా, శివార్పణబుద్ధితో చేయు పని కాయకము. కైలాసమును వేరెక్కడనో వెదకనక్కరలేదనియు, చేతిపనియందే దానిని చూడవచ్చుననియు శరణుల బోధ. ఆ కాయకమువలన వచ్చిన ఫలమును తానొక్కడే భుజింపక, గురులింగజంగమములకు, అనగా సమాజమునకు సమర్పించుట దాసోహము.

దానమునకును దాసోహమునకును భేదమున్నది. దానమునందు ఇచ్చువాని చేయి పైన, పుచ్చుకొనువాని చేయి క్రింద. దాసోహమునందు ఇచ్చువాడే దాసుడు. నేను దాసుడనని పలికినవాడు ఎదుటివానిని దీనునిగా చూడజాలడు. ఆకలితో వచ్చినవాడు శివస్వరూపుడై వచ్చినాడు, నా కాయకమును సార్థకము చేయుటకు వచ్చినాడు అను భావముతో పెట్టు పిడికెడు మెతుకులే దాసోహము. చేయు పని ఒక్కటియే యైనను, మనస్సును బట్టి అది దానమగును, దాసోహమగును, లేక ఉత్త ఆడంబరమగును.

ఈ కాయకదాసోహములందు స్త్రీకి పురుషునితో సమానమైన అధికారమును బసవాది శరణులు పండ్రెండవ శతాబ్దముననే ఒసగిరి. పురుషుని కంఠమున నున్న ఇష్టలింగమే స్త్రీ కంఠమునను నిలిచెను. అల్లమప్రభువు అధ్యక్షుడుగా నున్న కల్యాణపు అనుభవమంటపమున స్త్రీలు కూర్చుండి చర్చించిరి. కదిరె రెమ్మవ్వ నూలు వడికెను. సత్యక్క వీధులూడ్చెను. కుమ్మరి గుండయ్య భార్యయైన కేతలదేవి భర్తతో కూడి కుండలు చేసెను. అక్కమహాదేవి సర్వమును త్యజించి మన శ్రీశైల కదళీవనమునకు వచ్చి మల్లికార్జునునిలో లీనమయ్యెను. కావున మన ఆడపడుచులు సంఘముగా కూడి సేవ చేయుట నవనాగరికతవలన వచ్చిన క్రొత్త పద్ధతి యనుకొనరాదు. అది కల్యాణమునాటి సొత్తు. తల్లులు తమ సొత్తునే మరల చేతికి తీసికొనుచున్నారు.

లక్కమ్మ తీర్పు

ఆ శరణీమణులలో సేవాధనమును గూర్చి మనకు తీర్పు చెప్పగల తల్లి ఒకతె యున్నది. ఆమె ఆయ్దక్కి లక్కమ్మ. ఆమె భర్త మారయ్య. దంపతులు అమరేశ్వరము నుండి కల్యాణమునకు వచ్చిరి. బసవేశ్వరుని మహామనె ముంగిట నేలరాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆయ్దక్కి అనగా ఏరిన బియ్యము. ఆ గింజలతో వండి, జంగమారాధన చేసి, మిగిలిన ప్రసాదమును స్వీకరించుట వారి నిత్యవ్రతము.

శూన్యసంపాదనెయందు వారి కథ విపులముగా కలదు. ఒకనాడు మారయ్య అనుభవగోష్ఠిలో మునిగి కాయకమును మరచెను. వేళ మించుచున్నదని లక్కమ్మ హెచ్చరించెను. భర్త జ్ఞానచర్చలో నున్నాడు గదా, ఒకపూట పని మానిననేమి అని ఆమె అనుకొనలేదు. కాయకము తప్పిన జ్ఞానము నిలువదని ఆమె ఎరుక. మారయ్య సిగ్గుపడి పరుగున పోయి గింజలేరెను. ఆనాడు ముంగిట ఎన్నడును లేనంత బియ్యము రాలియుండెను. వారి భక్తిని లోకమునకు తెలుపుటకై బసవేశ్వరుడే అట్లు చల్లించెనని చెప్పుదురు. మారయ్య ఉత్తరీయము నిండ మూటగట్టి ఇంటికి తెచ్చెను.

లక్కమ్మ మూటను చూచెను. ప్రతిదినము వచ్చు కొలతకంటె అది ఎక్కువగా నుండెను. ఆమె సంతోషింపలేదు. ఇది మన అవసరమా, మన ఆశయా అని భర్తను ప్రశ్నించెను. పేదరికము చేతికి గాని మనస్సుకు రాగూడదని బోధించి, అక్కరకు మించిన బియ్యమును తెచ్చినచోటనే విడిచి రమ్మనెను. మారయ్య మారుపలుకక తిరిగి పోయి, ఎక్కువ బియ్యమును ఆ ముంగిటనే పోసి వచ్చెను. మిగిలిన కొద్దిపాటి గింజలతోనే లక్కమ్మ బసవేశ్వరునికిని అసంఖ్యాకులైన జంగమములకును తృప్తిగా భోజనము పెట్టెనని కథ.

తల్లులారా, ఇచట ఒక్కక్షణము ఆలోచింపుడు. ఆ బియ్యము దొంగిలించినది కాదు. ఒకరిని మోసగించి తెచ్చినది కాదు. నేలరాలినది. తమ సుఖమునకును కాదు, జంగమారాధనకే తెచ్చినది. మంచి పనికే గదా, ఎక్కువ వచ్చిననేమి దోషము అని మనమందుము. లక్కమ్మ అట్లనలేదు. మంచి పని అను పేరుతోనే లోభము లోపలికి ప్రవేశించునని ఆమె గుర్తెరిగెను. తన కొరకు కూడబెట్టువాడు తన లోభమును ఎప్పుడో ఒకప్పుడు గుర్తించును. సేవ కొరకు కూడబెట్టువానికి ఆ లోభము పుణ్యమువలె కనబడును. కావుననే అది మరింత అపాయకరము.

పోయిన సంవత్సరముకంటె ఈ సంవత్సరము ఎక్కువ వసూలు చేయవలెనని పంతము పట్టు సంఘములున్నవి. ప్రక్క ఊరి సంఘముకంటె మనదే మిన్న అనిపించుకొనవలెనని పోటీ పడు సంఘములున్నవి. వసూలైన మొత్తము చెప్పుకొని మురియుదురే గాని, ఏ అవసరమునకు ఎంత కావలసి వచ్చినదని అడుగువారు తక్కువ. అట్టి సమావేశమునకు లక్కమ్మ వచ్చి కూర్చున్నచో ఒక్క ప్రశ్నయే అడుగును. అమ్మా, ఇందులో అవసరమెంత, ఆశ యెంత?

గింజ వచ్చిన దారి

ధనము ఎవరినుండి పుచ్చుకొనవచ్చును, ఎవరినుండి పుచ్చుకొనరాదు అను సందేహము ప్రతి సంఘమునకును కలుగును. కులమును చూచి, వృత్తిని చూచి, ఊరివారి దృష్టిలో గల గౌరవమును చూచి దాతలను ఎన్నువారు గలరు. ఇది శరణమార్గము కాదు. వేశ్యావృత్తిలో నుండి శరణమార్గమునకు వచ్చిన సంకవ్వకు కల్యాణమున స్థానము దొరకినది. ఆమె వచనము నేటికిని శరణుల వచనముల నడుమ నిలిచియున్నది.

మన తెలుగునేలపై జరిగిన ఒక ఉదంతము ఇచట స్మరింపదగినది. 1921వ సంవత్సరమున మహాత్మాగాంధి కాకినాడకు రానుండెను. ఆ ఊరి దేవదాసీలును, ఘోషాలోనుండు ముస్లిము స్త్రీలును గాంధీగారి మాట వినవలెనని పండ్రెండేండ్లైనను నిండని ఒక బాలిక సంకల్పించెను. ఆమెయే అనంతరకాలమున దేశప్రఖ్యాతి గాంచిన దుర్గాబాయి దేశ్‌ముఖ్. నిర్వాహకులను అడుగగా, గాంధీగారికి 5,000 రూపాయల నిధి సమర్పించినచో కొద్ది నిమిషములు ఇప్పింతుమనిరి. చిన్నపిల్లకు అది సాధ్యము కాదని వారి తలంపు. దేవదాసీ స్త్రీలే ఆ మొత్తమును సేకరించిరి. సభ జరిగినది. గాంధీగారు అనుకొన్న వేళకంటె ఎక్కువసేపు మాట్లాడిరి. స్త్రీలు తమ ఒంటిమీది నగలను ఒలిచి ఇచ్చిరి. దుర్గాబాయియు తన చేతి బంగారు గాజులు తీసి ఇచ్చెను.

ఊరు తక్కువచూపు చూచిన స్త్రీలు ఇచ్చిన ఆ ధనమునకు మైల అంటినదా? లేదు. వారు తమకున్నదానిని ఇచ్చిరి. ప్రతిఫలముగా పేరు కోరలేదు, పీఠము కోరలేదు. గౌరవముతో ఒక మాట వినుటకు అవకాశము మాత్రము కోరిరి. వారికి ఇచ్చు హక్కును దక్కించుటయే ఆ బాలిక చేసిన పెద్ద సేవ. పేదరాలిని కూడ ఇచ్చువారి వరుసలో నిలుపుట ఎంతటి సేవయో మన సంఘములు గ్రహింపవలెను. నూరు రూపాయలిచ్చిన గృహిణి పేరును, ఒక్క రూపాయి ఇచ్చిన కూలిస్త్రీ పేరును ఒకే పుస్తకమున, ఒకే అక్షరములతో వ్రాయవలెను.

మరి ఏ ధనమునకు మైల? ఏ దుఃఖమును తుడుచుటకు మనము పూనుకొంటిమో, ఆ దుఃఖమును కలిగించియే వచ్చిన ధనమునకు మైల. 1992వ సంవత్సరమున నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామమున రాత్రిబడిలో అక్షరములు దిద్దుకొనుచున్న తల్లులు సారా దుకాణమును ఊరినుండి వెడలగొట్టిరి. ఆ నిప్పు జిల్లాలన్నిటికిని ప్రాకినది. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమున సారా నిషేధింపబడినది. ఆ తల్లులు అంతటితో ఆగలేదు. సారాకు పోవుచుండిన సొమ్మును దినమునకు ఒక్కొక్క రూపాయి చొప్పున పొదుపు చేయసాగిరి. అట్టి స్త్రీలు పుట్టిన నేలపై ఒక మహిళా సంఘము మద్యపు వ్యాపారి విరాళముతో, ఆయన పేరు పెద్ద అక్షరములతో వ్రాసిన పందిరి క్రింద, త్రాగుబోతు భర్తవలన దిక్కులేనిదైన స్త్రీకి కుట్టుమిషను ఇచ్చినచో, ఆ మిషనుకు అర్థమేమి? ఒక చేత గాయము చేసి రెండవ చేత కట్టు కట్టుట దాసోహము కాదు.

తంబోలా ఆటను గూర్చియు ఒక మాట. సరదాకు ఆడుకొను ఆటలో అంతటి దోషమున్నదా అని అడుగవచ్చును. నా సమాధానమిది. కాయకము ధనము రెండును దేహశ్రమతో ముడిపడినవి. అదృష్టమును అమ్మి తెచ్చిన ధనములో కాయకమెక్కడ? ఆ ఆటకు అలవాటుపడిన సంఘమునకు క్రమముగా అప్పడములొత్తు చేతులు దొరకవు. ధనము వచ్చును గాని, నలుగురు స్త్రీలు ఒక అరుగుపై కూర్చుండి పనిచేయుచు ఒకరి కష్టము ఒకరు వినుట పోవును. సంఘమునకు ఆ వినుటయే ప్రాణము. కావున ఆటవలన వచ్చిన వేయి రూపాయలకంటె పచ్చడి అమ్మగా వచ్చిన నూరు రూపాయలు శరణమార్గమునకు దగ్గర.

లెక్క చెప్పు ధైర్యము

బసవేశ్వరుడు భక్తిభండారి మాత్రమే కాదు, బిజ్జలుని కొలువులో ధనభండారమును చూచిన అధికారియు. పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదలో రచించిన బసవపురాణమున ఒక ఘట్టము కలదు. రాజభండారపు ధనమును బసవన్న జంగమములకు వెచ్చించుచున్నాడని గిట్టనివారు బిజ్జలునితో కొండెములు చెప్పిరి. బసవేశ్వరుడు కోపింపలేదు. నావంటి భక్తుని శంకింతురా అని నొచ్చుకొనలేదు. పెట్టెలు తెరచి లెక్క చూచుకొమ్మనెను. చూడగా సొమ్ము సరిగా నుండెను.

మన సంఘములకు ఇది గొప్ప పాఠము. లెక్క అడిగినంతనే ముఖము చిన్నబుచ్చుకొనుట మనలో పెద్ద దోషము. మేమేమైన తిన్నామా అను మాట వెంటనే వచ్చును. లెక్క అడుగుట అవమానము కాదు. ప్రజాధనమును తాకిన చేతికి అది స్నానము వంటిది. అడుగకముందే చెప్పుట మరింత మేలు. వచ్చినదెంత, పందిరికి పోయినదెంత, శాలువలకు పోయినదెంత, పేదవారికి చేరినదెంత, మిగిలినదెంత అని సంవత్సరమునకొకసారి గాక, ప్రతి కార్యము ముగిసిన పిదప సభలో చదివి వినిపింపవలెను. పందిరికిని శాలువలకును పోయిన మొత్తము పేదవారికి చేరిన మొత్తమునకు మించినచో, ఆ కాగితమే మనకు గురువై బోధచేయును.

నియమము అందరికిని ఒక్కటియే కావలెను. దుర్గాబాయి జీవితముననే మరియొక ఉదంతము కలదు. 1923వ సంవత్సరమున కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు, ఖద్దరు ప్రదర్శన ద్వారమునొద్ద పదునాలుగేండ్ల దుర్గాబాయి స్వచ్ఛందసేవికగా నిలిచెను. టిక్కెట్టు లేనివారిని లోనికి విడువరాదని ఆమెకు ఆజ్ఞ. జవహర్‌లాల్ నెహ్రూ టిక్కెట్టు లేకయే వచ్చెను. ఆమె ఆపెను. నిర్వాహకులు ఆమెను మందలింపబోయిరి. ఆమె వినలేదు. టిక్కెట్టు తెచ్చిన పిదపనే ఆయనను లోనికి పంపెను. కర్తవ్యమును అంత ధైర్యముగా నెరవేర్చినందుకు నెహ్రూ ఆమెను మెచ్చుకొనెను. మన కార్యక్రమములలో పెద్దలకు ఉచితము, పేదలకు టిక్కెట్టు అను తీరు ఎన్ని చోట్ల లేదు? ద్వారమునొద్ద నిలిచిన బాలిక ఆనాడే దానికి సమాధానము చెప్పినది.

లెక్కకు సంబంధించినదే మరొక ధర్మమున్నది. ఒక పని పేర తెచ్చిన ధనము ఆ పనికే పోవలెను. వరదబాధితుల కొరకు అడిగి తెచ్చినది మిగిలినచో, వార్షికోత్సవమునకు వాడరాదు. ఇచ్చినవారిని సమావేశపరచి, ఇంత మిగిలినది, ఏమి చేయుదుమని అడుగవలెను. త్రిప్పి ఇమ్మన్నచో ఇయ్యవలెను. మరియొక పనికి వాడుమన్నచో వాడవలెను. మారయ్య బియ్యమును తెచ్చినచోటనే పోసి వచ్చుటకు నేటి అర్థమిదియే.

అందుకొను చేతికి గౌరవము

ధనము స్వచ్ఛముగా వచ్చినది, లెక్క సరిగా నున్నది. అంతటితో దాసోహము పూర్తికాదు. కడపటి మెట్టునందే చాలమంది కాలు జారెదరు. నలుగురు పిల్లలను వేదికపై నిలిపి, నాలుగు పలకలిచ్చి, పదిమంది పెద్దలు చుట్టు నిలిచి ఫొటో తీయించుకొందురు. ఆ పిల్లవాడు మరునాడు బడికి పోగా తోటివారు ఏమందురో తలచువారు లేరు. వానికి పలక దొరకినది గాని తలయెత్తి నడచుట పోయినది. బసవేశ్వరుని యింట భోజనము చేసిన జంగముడు తలవంచుకొని పోలేదు. పెట్టినవాడే తలవంచెను. మన కార్యక్రమములలో ఎవరి తల వంగుచున్నదో చూచుకొన్నచో, అది దానమో దాసోహమో ఇట్టే తెలియును.

ఇచ్చిన వస్తువు ఆమె బ్రదుకును నిలుపవలెను. కుట్టు రాని స్త్రీకి మిషను ఇచ్చినచో అది మూలపడును, లేక అమ్ముడుపోవును. ముందు విద్య, పిదప పనిముట్టు. 1937వ సంవత్సరమున మద్రాసులో దుర్గాబాయి స్థాపించిన ఆంధ్ర మహిళా సభ ఈ మార్గముననే నడచినది. చదువు మానిన యువతులకు పాఠములు చెప్పి కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు సిద్ధపరచుటతో ఆ సభ పని ఊపందుకొన్నది. పరీక్షలో నెగ్గిన స్త్రీకి మరల చేయి చాపవలసిన అవసరము లేదు. అటుపిమ్మట దుర్గాబాయి 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు కాగా, చదువు ఆగిపోయిన వయోజన స్త్రీలకు తక్కువ కాలములో పాఠములు ముగించు విద్యాక్రమము 1958లో దేశమంతట మొదలైనది. ఒక ఇంటి వసారాలో పదిమంది స్త్రీలకు చేసిన సేవ దేశమునకు దారి చూపినది. ఆ తల్లి 1981లో పరమపదించెను. ఆమె నాటిన సభ విద్యాలయములతోను వైద్యాలయములతోను నేటికిని నిలిచియున్నది.

కొండంత పని, పిడికెడు గింజలు

ఇచట ఒకరు నన్ను ఆక్షేపింపవచ్చును. అయ్యా, అక్కరకు మించి తేరాదన్నారు. దుర్గాబాయి లక్షలు సేకరించి సంస్థలు కట్టినది గదా, అది ఆశ కాదా? మంచి ప్రశ్న. లక్కమ్మ ధనమును నిందింపలేదు, కొలత తప్పుటను నిందించినది. అవసరము కొండంతయైనచో కొండంత ధనమును అడుగుట తప్పు కాదు. తుమకూరు సిద్ధగంగా మఠమును చూడుడు. 2019 జనవరి 21న తమ 111 యేండ్ల వయస్సున లింగైక్యులైన శ్రీ శివకుమార మహాస్వామివారు పల్లెపల్లెకు పోయి భిక్ష స్వీకరించిరి. రైతులు ధాన్యము మోసికొని వచ్చి మఠమున పోసిరి. కులమతభేదము లేక దాదాపు పదివేలమంది పిల్లలకు అన్నమును, వసతియు, విద్యయు అచట లభించినవి. పదివేల కడుపులున్నచోట పదివేల కడుపులకు సరిపడు ధాన్యము అవసరమే. ఆకలి కొలత ఎంతయో భిక్ష కొలత అంత.

అట్టి మహాకార్యములు మనవలన నగునా అని చిన్న సంఘముల తల్లులు వెనుదీయరాదు. మన తెలుగిండ్లలో పిడికెడు బియ్యము తీసిపెట్టు ఆచారము కలదు. ఎసట్లో బియ్యము పోయునప్పుడు తల్లి ఒక్క పిడికెడు వేరొక కుండలో వేయును. ఒక వీధిలో 40 ఇండ్లున్నవనుకొందము. పిడికెడు 50 గ్రాములనుకొన్నను దినమునకు 2 కిలోలు, నెలకు 60 కిలోలగును. దిక్కులేని వృద్ధులు అయిదుగురికి నెలకు 12 కిలోల చొప్పున సరిపోవును. ఏ ఇంటిలోను ఆ పిడికెడు తగ్గినట్లు తోచదు. ఎవరిని యాచింపలేదు, పందిరి వేయలేదు, ప్రకటన అడుగలేదు. ప్రతిదినము వంట మొదలుపెట్టునప్పుడే పరుల ఆకలి జ్ఞప్తికి వచ్చును. ఏరిన గింజలతో జంగమారాధన చేసిన లక్కమ్మకు ఇంతకంటె దగ్గరి పద్ధతి మన కాలమున మరొకటి లేదు.

మన యిండ్లలోని పురుషులకును ఒక మాట. ఇల్లాలు సంఘమునకు పోవుచున్నదని విసుగుకొనువారు గలరు. విరాళము తెమ్మని ఆమెను పంపి, ఖర్చు నిర్ణయము మాత్రము తామే చేయువారును గలరు. కల్యాణమున మారయ్య మూట తెచ్చెను, తీర్పు లక్కమ్మ చెప్పెను, మారయ్య శిరసావహించెను. భర్త భార్యమాటను గురువాక్యముగా గ్రహించిన ఆ నిమిషమే శరణధర్మమునకు విజయము. తెచ్చినవారెవరైనను, ఏది చాలునో చెప్పు అధికారము ఆ తల్లికున్నది.

అక్కచెల్లెండ్రారా, వైశాఖ శుద్ధ తృతీయనాడు బసవజయంతి వచ్చును. దానికి ముందుగా మీ సంఘమున అందరును కూర్చుండి నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. ఈ ధనము ఎవరి కన్నీటిని తొక్కియైన వచ్చినదా? ఇందులో మన శ్రమ పాలెంత? దీని లెక్కను సంతలో నిలిచి చదువగలమా? దీనిని అందుకొన్న స్త్రీ రేపు మనలో ఒకతెగా వచ్చి కూర్చుండి, మరొకరికి ఇయ్యగలదా? నాలుగింటికిని సమాధానము నిర్మలముగా వచ్చినచో మీ సంఘపు పెట్టెలో నున్నది సొమ్ము కాదు, ప్రసాదము. ఒక్కదానికి జంకు కలిగినచో చింతింపవలదు. మూట విప్పి, ఎక్కువైనదానిని వేరుచేసి, తెచ్చినచోట పోసి రండు. మిగిలిన గింజలు చాలును. లక్కమ్మకు చాలినవి.

శ్రీ గురుబసవేశ్వరుడు మన చేతులకు కాయకమును, మన మనస్సులకు దాసోహమును, మన సంఘములకు నిర్మలత్వమును ప్రసాదించుగాక.

శరణు శరణార్థి.